పురిటితో పోయిందనుకున్న షుగర్

న్యూజెర్సీలో, ఎడిసన్‌కి దగ్గర్లో ఉన్న ఒక ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌లో డైటీషియన్‌గా పనిచేసి ఈమధ్యే మానేశాను. షుగర్ ఉన్నవాళ్ళకీ, రావచ్చని డాక్టర్ అనుమానపడ్డవాళ్ళకీ తిండి గురించి చెప్పటం నా ఉద్యోగం. కాగితం మీద అంతే. నిజానికి నేను చెప్పింది తక్కువ, అడిగింది ఎక్కువ. తిండి గురించి చెప్పవలసిన విషయాలు తెలివైన పిల్లలు కొన్ని వారాల్లో నేర్చేసుకుంటారు. ఎవరిని, ఏం అడగాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో నేర్చుకోవటానికి మాత్రం నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మా వీధిలో ఉండే ఇద్దరమ్మాయిలు ఇదే చదువు చదువుతున్నారు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. ఒకరోజు మా ఇంటికి వచ్చి, "ఆంటీ, రియల్‌గా జాబ్ ఎలా ఉంటది? బుక్స్‌లో లేనిది చెప్పండి" అని అడిగారు. వాళ్ళకి తెలుగు చదవటం రాదు. వాళ్ళ అమ్మలు చదివి వినిపిస్తారని నా ధైర్యం. అమ్మలు కూడా వినవలసిన సంగతే కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. పేర్లు మార్చాను. ఊళ్ళు కూడా కొన్ని మార్చాను.

రబ్బరు బ్రెడ్డు ముక్కలు

నాకిచ్చిన గది చిన్నది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడవారన ఒక అరలో రబ్బరుతో చేసిన తిండి పదార్థాలు ఉండేవి. బ్రెడ్డు ముక్క, బ్రోకలీ, కోడిమాంసం ముక్క, చిన్న గుప్పెడు బఠానీలు. ఎంత తింటే ఎంత పిండిపదార్థం ఒంట్లోకి వెళ్తుందో చూపించటానికి. మనవాళ్ళు వచ్చి కూర్చుని వాటిని మర్యాదగా చూసేవారు. అందులో అన్నం లేదు, ఇడ్లీ లేదు, ఉప్మా లేదు. నేను బ్రెడ్డు చూపిస్తూ మాట్లాడుతుంటే, ఎవరింటి సంగతో వింటున్నట్టు తలలు ఊపి వెళ్ళిపోయేవారు.

క్లినిక్ యజమాని డాక్టర్ మోరిస్. తెల్లజుట్టు, పొడుగు మనిషి, మాట కరుకు. మన పేర్లు పలకటం ఆవిడకి కష్టంగా ఉండేది, కానీ సరిగ్గా వచ్చేదాకా పేషెంట్‌నే మళ్ళీ మళ్ళీ అడిగి నేర్చుకునేది. చేరిన కొత్తలో ఆవిడ నా గదిలో ఒక మూల కూర్చుని నేను ఒక పెద్దాయనతో మాట్లాడటం విన్నది. ఆయన వెళ్ళాక, "నువ్వు చాలా బాగా చెప్పావు. ఆయన ఉదయం ఏం తిన్నాడు?" అని అడిగింది. నాకు తెలియదు. "అది తెలిసేదాకా ఏమీ చెప్పకు" అని లేచి వెళ్ళిపోయింది. ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

ఆవిడకి నేను నేర్పిన పాఠం కూడా ఒకటుంది. మనవాళ్ళు ఎవరొచ్చినా "రైస్ మానేయండి" అనేది. నేనొకసారి వెళ్ళి, "డాక్టర్, వాళ్ళని అన్నం మానమంటే మానరు, మన దగ్గరికి రావటం మానేస్తారు" అన్నాను. ఆవిడ కోపంగా చూసింది. కానీ మర్నాటి నుంచి "రైస్ ఎంత తింటారు? ఏ పూట తింటారు?" అని అడగటం మొదలుపెట్టింది. మంచి బాస్ అంటే నా లెక్కలో అదే. తప్పని ఒప్పుకుంటున్నట్టు చెప్పదు, మర్నాటికి మారిపోయి కనబడుతుంది.

సన్నటి మనిషి

ప్రసాద్ అని పక్క ఊరు పిస్కాటవేలో ఉండే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. నలభై దాటలేదు. సన్నటి చేతులు, సన్నటి కాళ్ళు, శనాదివారాలు బాడ్మింటన్. ఏటేటా చెకప్‌కి వచ్చేవాడు. బరువు చూసి, బాగుందని పంపించేసేవారు. అప్పట్లో మా క్లినిక్‌లోనే కాదు, చాలాచోట్ల అంతే. లావుగా ఉన్నవాళ్ళనే పట్టుకుని షుగర్ పరీక్ష రాసేవారు.

ఒక ఏడాది అతనికి కళ్ళు మసకబారాయి. కళ్ళజోడు మార్చుకుందామని వెళ్తే, కళ్ళ డాక్టర్ చూసి, "ముందు మీ ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ఇవాళే" అని పంపించాడు. మా దగ్గరికి వస్తే, షుగర్ మీటర్‌లో అంకె దాని ఆఖరి హద్దుదాకా వెళ్ళింది. డాక్టర్ మోరిస్ రిపోర్టు పట్టుకుని నా గుమ్మంలో నిలబడింది. "బయట కూర్చున్న అందరిలోకీ ఇతన్నే నేను ఆఖర్న అనుమానించేదాన్ని" అంది.

ప్రసాద్ నా ముందు కూర్చుని నెమ్మదిగా అడిగాడు.

"ఆంటీ, నేనేం తప్పు చేశాను? సిగరెట్ లేదు, డ్రింక్ లేదు. స్వీట్స్ కూడా పెద్దగా తినను."

"తప్పు చేస్తే వచ్చేది కాదు బాబూ. మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా ఉందా?"

"ఇద్దరికీ ఉంది."

"రాత్రి ఎన్నింటికి పడుకుంటావు?"

"ఇండియా టీంతో కాల్స్ ఉంటాయి కదా. అయ్యేసరికి ఒంటిగంట, రెండు."

"పగలు కూర్చునే ఉంటావా?"

"పనే అది కదా ఆంటీ."

అతను నిలబడితే బెల్టు పైన చిన్న పొట్ట కనిపించింది. మనవాళ్ళలో చాలామందికి కొవ్వు చేతులకీ తొడలకీ పట్టదు. పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరుతుంది. బరువు తూచే యంత్రానికి అది తెలియదు. తెల్లవాళ్ళకి లావు అని చెప్పే బరువు కంటే చాలా ముందే మనవాళ్ళకి షుగర్ మొదలవుతుంది. ఈ సంగతి ఇప్పుడు పుస్తకాల్లో ఉంది. ఆ రోజుల్లో మా చిన్న క్లినిక్‌కి ప్రసాద్ వచ్చి చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత డాక్టర్ మోరిస్ ప్రతి పరీక్ష గదిలోనూ ఒక టేపు పెట్టించింది, నడుము కొలవటానికి.

కొత్తగా వచ్చేవాళ్ళకి ఇక్కడొక మాట చెప్పాలి. షుగర్ రావటానికి దోహదం చేసేవాటిని మనం ఏకరువు పెడుతుంటాం. తల్లిదండ్రులకి ఉండటం, నడుము చుట్టుకొలత, కదలకుండా కూర్చోవటం, నిద్ర చాలకపోవటం, రక్తపోటు, వయసు. వింటున్న మనిషికి అవి నేరాల చిట్టాలా వినపడతాయి. కొన్ని అతని చేతిలో ఉన్నవి, కొన్ని పుట్టుకతో వచ్చినవి. వేటిని మార్చుకోగలడో వాటిని విడదీసి చెప్పండి. మిగతావాటికి అతను సిగ్గుపడనక్కర్లేదని కూడా చెప్పండి. ప్రసాద్‌కి ఆ మాట చెప్పిన తర్వాతే అతను నేను చెప్పే మిగతాది విన్నాడు.

పైన చెప్పిన చిట్టాలో చేర్చకుండా ఒకటి నేను కావాలనే వదిలేశాను. అది ఆడవాళ్ళకి మాత్రమే సంబంధించింది. దాన్ని శిరీష కథతో చెప్పాలి.

మధు అపాయింట్‌మెంట్

మధు ఖమ్మం అబ్బాయి, ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని. వాళ్ళ నాన్నకి షుగర్ వల్ల కాలి పుండు మానక, చివరికి పాదం తీసేయాల్సి వచ్చింది. కొన్నాళ్ళకి ఆయన పోయారు. మధుకి అప్పటి నుంచి ఒకటే భయం. చేతికి షుగర్ కొలిచే సెన్సార్ పెట్టుకుని, ఏం తిన్నా ఫోన్లో గీత ఎంత లేచిందో చూసుకునేవాడు. పరీక్షలో అతనికి షుగర్ లేదు. హద్దుకి కాస్త ఇవతల ఉంది. డాక్టర్ మోరిస్ నా దగ్గరికి పంపించింది.

భార్య శిరీషతో కలిసి వచ్చాడు. ఒంగోలు అమ్మాయి, ముప్ఫై మూడో ముప్ఫై నాలుగో ఉంటాయి. ఒళ్ళో నాలుగేళ్ళ పాప. మధు ఫోన్ నా ముందు పెట్టి గీతలన్నీ చూపించాడు.

"దోశ తింటే ఇట్ల స్పైక్ అయితుంది ఆంటీ. పెసరట్టుకి అంత లేదు. మీరు ఏం వండాలో శిరీషకి చెప్పండి. తను ఫాలో అవుతది."

శిరీష పాపని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఫోన్లో రాసుకోవటానికి సిద్ధంగా ఉంది. నేను కూరలూ పప్పూ ముందు తినటం, అన్నం తగ్గించటం, భోజనం కాగానే కాసేపు నడవటం చెప్పాను. అన్నీ రాసుకుంది. మంచి ప్రశ్నలు అడిగింది. పాప మధ్యలో విసిగితే బిస్కట్ ఇచ్చి, సగం తిని వదిలేసినది తన నోట్లో వేసుకుంది.

పాప చక్కగా బొద్దుగా ఉంది. మామూలు కబుర్లలో అడిగినట్టే అడిగాను.

"పుట్టినప్పుడు కూడా ఇలాగే ఉందా?"

"తొమ్మిది పౌండ్ల పైనే ఆంటీ" అంది నవ్వుతూ. "సిజేరియన్ చేశారు. అప్పుడు వేరే రాష్ట్రంలో, అల్ఫారెట్టాలో ఉండేవాళ్ళం."

"ఆ నెలల్లో నీకు షుగర్ చూపించిందా?"

"చూపించింది. రోజూ వేలు గుచ్చుకుని చూసుకునేదాన్ని. డెలివరీ అయ్యాక పోయింది."

"పోయిందని ఎవరు చూశారు?"

"హాస్పిటల్లో ఇంటికి పంపేముందు చూశారు. నార్మల్ అన్నారు."

"తర్వాత?"

"తర్వాత మళ్ళీ టెస్ట్ చేయించుకోమన్నారనుకుంటా. పాప రాత్రిళ్ళు నిద్రపోయేది కాదు. ఆ తర్వాత ఈయన ప్రాజెక్ట్ ఇక్కడికి మారింది. ఇన్సూరెన్స్ మారింది, డాక్టర్లు మారారు." తర్వాత కొంచెం గర్వంగా, "పాప అపాయింట్‌మెంట్ ఒక్కటి కూడా మిస్ కాలేదు ఆంటీ. వాక్సిన్స్ అన్నీ టైంకి వేయించాం" అంది.

గర్భంతో ఉన్నప్పుడు వచ్చే షుగర్ కాన్పుతో పోతుంది. అది నిజం. కానీ ఆ ఒంటికి ఒత్తిడి వస్తే షుగర్ అదుపు తప్పుతుందని అది ముందే చెప్పి వెళ్తుంది. అలాంటి తల్లుల్లో చాలామందికి కొన్నేళ్ళలో అసలు షుగర్ వస్తుంది. అందుకే కాన్పయిన కొన్ని వారాలకి ఒకసారి, తర్వాత ఏడాదికో, రెండు మూడేళ్ళకో ఒకసారి పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఆ పరీక్ష చేయించుకోవాల్సిన సమయానికే ఇంట్లో పసిబిడ్డ ఉంటుంది. అందరూ బిడ్డని చూస్తారు. తల్లి కూడా బిడ్డనే చూస్తుంది.

"నువ్వు కూడా ఒకసారి చేయించుకో అమ్మా" అన్నాను.

"నాకేం లేదు ఆంటీ. ముందు ఆయన సంగతి చూడండి."

శిరీష మా పేషెంట్ కాదు. పరీక్ష రాసే అధికారం నాకు లేదు. వాళ్ళని కూర్చోమని చెప్పి, డాక్టర్ మోరిస్ దగ్గరికి వెళ్ళి విషయం చెప్పాను. ఆవిడ మరో పేషెంట్‌ని చూసి వచ్చి, నా గదిలోకి అడుగుపెట్టి, మధుకి హలో చెప్పి, శిరీష వైపు తిరిగింది.

"మీరు మీ కోసం డాక్టర్ దగ్గరికి ఆఖరిసారి ఎప్పుడు వెళ్ళారు?"

"లాస్ట్ మంత్ వెళ్ళాం. పాపకి చెవినొప్పి వస్తే."

"నేను అడిగింది మీ గురించి."

శిరీష మధు వైపు చూసింది. మధు తన ఫోన్ వైపు చూశాడు. డాక్టర్ మోరిస్ ఫ్రంట్ డెస్క్ అమ్మాయిని పిలిచి, శిరీషని కొత్త పేషెంట్‌గా చేర్చుకోమని, ఆ వారంలోనే రక్తపరీక్ష పెట్టమని చెప్పి వెళ్ళిపోయింది. ఆవిడ కరుకుదనం చాలాసార్లు నాకు నచ్చేది కాదు. ఆ రోజు మాత్రం నచ్చింది. నేను మెత్తగా ఇంకో పదిసార్లు చెప్పినా శిరీష "చూద్దాం ఆంటీ" అని ఉండేది.

ఈ నెల అనుకున్నది

మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్షలో శిరీషకి డయాబెటిస్ అని తేలింది. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. పరగడుపు పరీక్ష కూడా అదే చెప్పింది.

ఆమె ఒక్కతే వచ్చింది ఆ రోజు. డాక్టర్ చెప్పింది విని, నా గదిలోకి వచ్చి కూర్చుంది. ఏడవలేదు. అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"ఆంటీ, ఇది మా ఆయనకి చెప్పక్కర్లేదు కదా?"

"మేం చెప్పం. చట్టం ఒప్పుకోదు. నువ్వు చెప్పాలా వద్దా అనేది నీ ఇష్టం. ఎందుకు చెప్పకూడదనుకుంటున్నావు?"

"ఈ నెల నుంచి రెండో బేబీకి ట్రై చేద్దామనుకున్నాం. డాక్టర్ ఆగమన్నారు. ఆయనకి షుగర్ అంటేనే భయం. వాళ్ళ నాన్నగారి పాదం తీసేసినప్పుడు పక్కనే ఉన్నారు. ఇప్పుడు నన్ను చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. అత్తయ్య వచ్చే నెల వస్తున్నారు. మా ఇంట్లో ఉన్నది చాలక కోడలు కూడా తెచ్చుకుంది అనుకుంటారు."

డాక్టర్ ఎందుకు ఆగమందో ఆమెకి పూర్తిగా అర్థమైందో లేదో అని మళ్ళీ చెప్పాను. బిడ్డ గుండె, వెన్ను రూపుదిద్దుకునేది మొదటి వారాల్లోనే. చాలాసార్లు తల్లికి తను గర్భవతినని తెలిసేసరికే ఆ పని సగం అయిపోతుంది. ఆ వారాల్లో తల్లి రక్తంలో షుగర్ ఎక్కువగా ఉంటే బిడ్డకే ప్రమాదం. ముందే తగ్గించుకుని మొదలుపెడితే భయం చాలావరకు పోతుంది. అంటే ఆగటం ఎప్పటికీ కాదు. కొన్ని నెలలు.

"ఈ పరీక్ష చేయకుండా ఉంటే?" అని అడిగింది.

జవాబు ఆమెకే తెలుసు.

అప్పుడు ఏడ్చింది. నేను టిష్యూ పెట్టె ఆమె వైపు జరిపి ఊరుకున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు ఇలాంటప్పుడు రాగుల గురించి మాట్లాడటం మొదలుపెడతారు. మనిషి ఏడుస్తుంటే మన నోరు ఊరుకోదు కాబట్టి. మొదటి రోజు తిండి గురించి ఒక్క మాట కూడా చెప్పక్కర్లేదు. మళ్ళీ రమ్మని చెప్పి, వచ్చేలా చూసుకుంటే చాలు.

మరుసటి వారం వచ్చింది. మాత్రలు మొదలుపెట్టారు. మధు కోసం రాసుకున్నదంతా తనకీ పనికొస్తుందని తనే అంది. ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. నేను ఒకటే మార్పు అడిగాను. పాప వదిలేసినది, కుక్కర్లో అడుగున మిగిలినది, అందరూ తిన్నాక వంటగదిలో నిలబడి తినే అలవాటు మానమన్నాను. "నీ కంచం పెట్టుకుని వాళ్ళతో కూర్చుని తిను" అన్నాను. ఆమె దాన్ని చిన్న మాటగా తీసుకుంది. పది రోజుల తర్వాత వచ్చి, "అన్నిటికంటే ఇదే కష్టంగా ఉంది ఆంటీ" అంది.

అత్తగారు

ఖమ్మం నుంచి మధు తల్లి సత్తెమ్మ గారు వచ్చారు. డాక్టర్‌ని కలిసే రోజున శిరీష ఆవిడని వెంటబెట్టుకుని రావటం చూసి నేను ఆశ్చర్యపోయాను. అరవై దాటిన మనిషి, స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని, నా గదిలోని రబ్బరు బ్రోకలీని వేలితో నొక్కి చూసి పెట్టేశారు. శిరీష ముఖం చూస్తే సంగతి తెలిసిపోయిందని నాకు అర్థమైంది.

సత్తెమ్మ గారే మొదలుపెట్టారు.

"అక్కా, ఈ పిల్ల నాకు చెప్పలే. నేనే పట్టిన. వంటింట్ల డబ్బా మూత తీసింది, ఆ గోలీల వాసన వచ్చింది. ఆ వాసన నాకు తెల్వదా? మా ఆయన ఇరవై ఏండ్లు మింగిండు. పొద్దున రోజూ నేనే చేతుల పెట్టేదాన్ని."

ఆ రకం షుగర్ మాత్రలకి ఒకలాంటి చేపల వాసన ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు.

"ఏమన్నారు మీరు?" అని అడిగాను.

"ఏమంట? ఎప్పటి సంది అన్న. ఏడ్సింది. ఏడ్వకు, కూసో అన్న. ఏం తినాలె, ఏం తినొద్దు, కాళ్ళు ఎట్ల చూసుకోవాలె, అన్నీ నాకు తెలుసు గదా."

శిరీష మాట్లాడింది. "తిడతారనుకున్నాను ఆంటీ. అత్తయ్య ఆ రోజు నుంచి నన్ను నిలబడి తిననివ్వట్లేదు."

సత్తెమ్మ గారు ఆ మాట పట్టించుకోకుండా నా వైపు వంగి గొంతు తగ్గించారు.

"నేను ఇంకోటి అడగాలె. ఈ పిల్లకి కడుపుతో ఉన్నప్పుడు వచ్చిందని, పాప పెద్దగ పుట్టిందని చెప్పింది. మా మధు పుట్టినప్పుడు మంత్రసాని, ఇంత పెద్ద పిల్లగాడిని నేను చూడలే అన్నది. నాకు అప్పుడు ఎవరూ ఏ పరీక్షా చేయలే. గట్లయితే నాకు కూడా..."

మాట పూర్తి చేయలేదు. ఇరవై ఏళ్ళు భర్త మాత్రలు, భర్త కాలి కట్టు, భర్త భోజనం చూసుకున్న మనిషి. తన షుగర్ ఎప్పుడైనా చూపించుకున్నారా అని అడిగాను. లేదన్నారు. "తెలిస్తే తిండి బంద్ పెడతరు. ఆయనకి చేసేటోళ్ళు ఎవరని అనుకున్న."

శిరీష బ్యాగ్‌లోంచి తన మీటర్ తీసింది. మేం పేషెంట్లు కాని వాళ్ళకి క్లినిక్‌లో పరీక్షలు చేయకూడదు. కాబట్టి నేను వద్దన్నాను. వాళ్ళు ఇంటికి వెళ్ళాక చేసుకున్నారు. సాయంత్రం శిరీష ఫోన్ చేసి అంకె చెప్పింది. ఎక్కువే. ఖమ్మం వెళ్ళాక చూపించుకునేదాకా ఆగవద్దనీ, వెంటనే ఒక డాక్టర్‌కి చూపించమనీ చెప్పాను. చూపించారు.

మధుకి ఆ రాత్రి భోజనాల దగ్గర ఇద్దరూ కలిసి చెప్పారట. అతను ఫోన్ బల్ల మీద బోర్లించి పెట్టాడట. తర్వాత తల్లితో, "నాకు బాపు నుంచే వస్తదనుకుంటున్న ఇన్నేండ్లు" అన్నాడట. నెలకోసారి నాకు గీతలు చూపించటానికి వచ్చే మధు ఆ తర్వాత ఒక్కడే వచ్చాడు ఒకసారి. తన గీతలు చూపించలేదు. "శిరీషకి ఏం చేస్తే హెల్ప్ అయితుంది ఆంటీ?" అని అడిగాడు. సాయంత్రాలు పాపని అతను చూసుకుంటే శిరీష నడవగలదని చెప్పాను. పని గంటల్లో ఎలా కుదురుతుందని అన్నాడు. కానీ కుదుర్చుకున్నాడు. వారంలో అన్ని రోజులూ కాదు. కొన్ని రోజులు.

ఏమైంది, ఏం కాలేదు

శిరీష షుగర్ తగ్గటానికి చలికాలమంతా పట్టింది. ఒక నెల బాగుంటే ఒక నెల జారేది. పాపకి జ్వరం వచ్చిన వారం అన్నీ తప్పాయి. పుట్టినరోజు పార్టీలకి ఓక్ ట్రీ రోడ్‌లోని ఇండియన్ షాపుల నుంచి తెచ్చిన తిండి ట్రేలు వారాల తరబడి ఫ్రిజ్‌లో ఉండేవి. నేను తిట్టలేదు. తిడితే రావటం మానేస్తారు, మానేస్తే నష్టం వాళ్ళకే.

వసంతంలో డాక్టర్ మోరిస్ రిపోర్టు చూసి, "ఇప్పుడు ప్రయత్నించవచ్చు" అంది. ఆ ఏడాది చివర్లో గర్భం వచ్చింది. ఇన్సులిన్ తీసుకోవాల్సి వచ్చింది, భయపడింది, నేర్చుకుంది. బాబు ఆరోగ్యంగా పుట్టాడు, మామూలు బరువుతో.

ఆమె షుగర్ పోలేదు. ఇక్కడ నిజం చెప్పాలి. కొంతమందికి తొలిదశలో పట్టుకుంటే మళ్ళీ మామూలుకి వస్తుంది. శిరీషకి రాలేదు. కాన్పయిన వెంటనే పరీక్ష చేయించుకుని ఉంటే బహుశా చాలా ఏళ్ళు ఆపగలిగేవాళ్ళం. బహుశా. ఇప్పుడు మాత్రలతో, నడకతో అదుపులో ఉంది. జీవితాంతం చూసుకోవాలి. మధుకి ఇంతవరకు రాలేదు. సత్తెమ్మ గారు ఖమ్మంలో మందులు వాడుతున్నారు. వీడియో కాల్‌లో కోడలు అత్తగారినీ, అత్తగారు కోడలినీ అంకెలు అడుగుతుంటారని శిరీష చెప్పింది.

ఈ పనిలోకి వచ్చే అమ్మాయిలకి నా సలహా ఒకటే. పేషెంట్‌గా వచ్చిన మనిషితో పాటు, ఆ మనిషి కోసం వండే మనిషిని కూడా అడగండి. గర్భం వచ్చిన ప్రతి ఆడమనిషినీ, ఆ నెలల్లో షుగర్ చూపించిందా అని అడగండి, పిల్లలకి ముప్ఫై ఏళ్ళు వచ్చినా సరే. ఆ ప్రశ్న అడగటానికి అర నిమిషం పడుతుంది. పుస్తకాల్లో కూడా ఉంది. ఎవరూ అడగరు, అంతే.

నేను పని మానేసే ముందు వారం ఒక అమ్మాయి వచ్చింది. పిస్కాటవేలో యూనివర్సిటీ దగ్గర ఉంటుందట, భర్త ఫార్మా కంపెనీలో పని. రెండు నెలల పాప కార్ సీట్లో నిద్రపోతోంది. శిరీష ఎవరిదో సీమంతంలో కలిసిందట. తినటానికి వచ్చినవాళ్ళందరినీ వదిలేసి, కడుపుతో ఉన్నవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ పక్కకి పిలిచి షుగర్ టెస్ట్ ఏమైందని అడిగిందట.

"నాకు ఉందని చెప్పాను ఆంటీ. అప్పటినుంచి వదల్లేదు. డెలివరీ అయిన రోజు కూడా మెసేజ్ చేసింది, కంగ్రాట్స్ అని, కింద టెస్ట్ డేట్ ఎప్పుడు అని."

తియ్యటి ద్రావణం తాగించి రెండు గంటలు ఆగి రక్తం తీసే పరీక్ష అది. మధ్యలో పాప లేచింది. నేను ఎత్తుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే ఆ అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. రెండు నెలల నిద్ర బాకీ ఉంది పాపం. నర్సు వచ్చేదాకా నేను లేపలేదు.

ఫలితం రెండు రోజుల తర్వాత వచ్చింది. నేనే ఫోన్ చేశాను. అంతా మామూలుగా ఉంది. సంతోషించింది. నేను ఇంకా చెప్పవలసిన మాట ఉందని నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి అంది.

"నెక్స్ట్ ఇయర్ మళ్ళీ చేయించుకోవాలి కదా ఆంటీ. అపాయింట్‌మెంట్ బుక్ చేసేశాను."